డప్పు సాటింపు లెక్క ఫీడు: ఆరన్ స్వార్ట్జ్ బతుకు ముచ్చట

ఆఖరి తారీకు దాటినంక నోటిఫికేషన్ ముచ్చట తెల్సినోళ్లు ఊరికి నలుగురన్న ఉంటరు. కొలువు కావచ్చు, స్కాలర్‌షిప్పు కావచ్చు, హాస్టల్ సీటు కావచ్చు. సైటుల ఆ కాగితం పదిహేను రోజుల కిందనే పెట్టి ఉంటది. మన ఫోన్ల డాటా ఉంటది. పొద్దంత ఫోను చేతులనే ఉంటది. అయినా ఆ ఒక్క ముచ్చట మనదాక రాదు. దాని బదులు ఎవరో డ్యాన్సు చేసిన వీడియో, ఎవరో ఎవర్నో తిట్టిన వీడియో, ఎన్నడో పడ్డ పాత నోటిఫికేషన్‌ను కొత్తదని తిప్పే ఫార్వర్డు వస్తయి. మనకు ఏది సూపియ్యాలె, ఏది సూపియ్యొద్దు అన్నది మనమెరుగని కంపెనీల లెక్కలు తేలుస్తున్నయి.

నాకు కావాల్సిన సైట్లు నేనే ఏరుకుంట, అండ్ల కొత్తది పడంగనే నాకు తెల్వాలె అనుకునేటోళ్లకు ఇంటర్నెట్టుల ఒక తొవ్వ ఉంది. ఇరవై ఐదేండ్ల కిందనే పడ్డ తొవ్వ. దాని పేరు ఆర్‌ఎస్‌ఎస్. మామూలుగ ఫీడు అంటరు. మన దగ్గర ఆ మూడక్షరాలు అనంగనే ఇంకో సంస్థ యాదికొస్తది గని, దానికీ దీనికీ ఏం సంబంధం లేదు. ఈ తొవ్వ ఏసినోళ్లల్ల ఒకడు పద్నాలుగేండ్ల పోరడు. పేరు ఆరన్ స్వార్ట్జ్. అమెరికా పిలగాడు. 2013ల, 26 ఏండ్లకే కన్ను మూసిండు.

ఆయన పోయినప్పుడు మీలో చాలామంది బడికి పోయే పిల్లలు. కొందరైతె అంగన్‌వాడీల ఉండొచ్చు. అందుకే ఈ ముచ్చట మొదటికెల్లి చెప్తున్న. చదువు కోసం, సమాచారం కోసం కొట్లాడే ప్రతి తమ్మికి, ప్రతి చెల్లెకు ఎర్కుండాల్సిన బతుకు ఇది.

కంప్యూటర్ల నడుమ పెరిగిన పోరడు

ఆరన్ 1986 నవంబర్ 8న పుట్టిండు. ఊరు హైలాండ్ పార్క్, షికాగో నగరానికి ఉత్తరాన ఉంటది. తండ్రి రాబర్ట్ స్వార్ట్జ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినోడు. తల్లి సూజన్. ముగ్గురు అన్నదమ్ములల్ల ఆరనే పెద్దోడు. ఇంట్ల కంప్యూటర్లు ఉండె, పుస్తకాలు ఉండె, అడిగితె చెప్పేటోళ్లు ఉండిరి. ఈ సంగతి దాపెట్టొద్దు. గిసొంటి ఇల్లు దొరికినోడు ముందుకు పోవుడు అల్కగ ఉంటది. కని దొరికిందాన్ని ఆయన ఏం చేసిండన్నదే అసలు ముచ్చట.

పన్నెండు పదమూడేండ్ల వయసుల, 1999ల, ఆయనొక వెబ్‌సైటు తయారు చేసిండు. లోకంల ఎవరైనా సరే, తమకు తెల్సిన ముచ్చట అండ్ల రాయొచ్చు. అందరు కలిసి రాసుకునే విజ్ఞానకోశం అన్నట్టు. వికీపీడియా అప్పటికింక పుట్టలే, అది 2001ల వచ్చింది. ఆరన్ సైటు పెద్దగ నడవలే గని, పిల్లల వెబ్‌సైట్లకు ఇచ్చే ఆర్స్‌డిజిటా బహుమతి ఆ పోరనికి అందింది.

బడి మాత్రం ఆయనకు పడలే. తొమ్మిదో తరగతి అయినంక బడి ఇడిసిండు. ఇంట్లనే చదువుకుంట, దగ్గర్ల ఉన్న కాలేజీల కొన్ని క్లాసులకు పోయిండు. బడి ఇడిసిండంటె చదువు ఇడిసిండని కాదు. చదువుడు ఎక్కువ చేసిండు. మనోళ్లు ఈ ముక్క పట్టుకొని రేపే టీసీ తెచ్చుకునేరు, అది మాత్రం వద్దు. ఆయనకున్న ఆసరా మనకు లేదు.

ఫీడు అంటె ఏంది?

ఎనుకట ఊర్ల ఏదన్న ముచ్చట చెప్పాల్నంటె డప్పు సాటింపు ఏసేటోళ్లు. రేపు పంచాయతి ఆఫీసుల మీటింగు ఉంది, ఎల్లుండి పశువులకు సూదులేస్తరు, అందరు రావాలె అని చెప్పి ఇంకో వాడకు పోయేటోళ్లు. సాటింపుల మీటింగు మొత్తం ఉండదు. ఏం ముచ్చట, ఎక్కడ, ఎప్పుడు, గంతే. కావాల్సినోళ్లు పోతరు, అక్కర లేనోళ్లు పోరు.

ఫీడు గూడ గట్లనే. ఒక వెబ్‌సైటు తన లోపట చిన్న ఫైలు ఒకటి పెట్టుకుంటది. అండ్ల కొత్తగ ఏమేం పెట్టినమో వరుసగ రాసి ఉంటది. ఒక్కో దానికి శీర్షిక, లింకు, తారీకు, రెండు మూడు వాక్యాల సారం. సైటుల కొత్తది పెట్టినప్పుడల్ల ఈ ఫైలు దానంతట అదే మారుతది. మన ఫోన్ల గని, కంప్యూటర్ల గని ఫీడ్ రీడర్ అనే యాప్ ఉంటది. మనం ఏరుకున్న సైట్ల ఫైళ్లను అది కొంత సేపటికోసారి పోయి సూసొస్తది. కొత్తది కనవడితె తెచ్చి మన ముంగట పెడ్తది. యాభై సైట్లున్నా సరే, ఒక్కోటి తెరిచి సూసే పని లేదు.

ఇండ్ల మూడు సంగతులు గమనించాలె. ఒకటి, ఆ సైటోనికి మన ఫోన్ నంబరు ఇయ్యాల్సిన పని లేదు, మెయిల్ ఇయ్యాల్సిన పని లేదు. రెండు, ఏది ముందు సూపియ్యాలె అని నడిమిట్ల ఎవ్వడు తేల్చడు. తారీకు వరుసల వస్తది. మూడు, వద్దనుకుంటె ఒక్క నొక్కుతోని తీసేస్తం, మళ్ల మన ఎంబడి పడదు. పగ్గం మన చేతులనే ఉంటది.

ఆరన్ పాలు ఎంత?

చాలామంది ఆర్‌ఎస్‌ఎస్‌ను ఆరనే కనిపెట్టిండని రాస్తరు. అది నిజం కాదు. నిజం చెప్తె ఆయన గొప్పతనం ఏం తక్కువ కాదు.

ఆర్‌ఎస్‌ఎస్ 1999 మార్చిల నెట్‌స్కేప్ కంపెనీల పుట్టింది. అప్పట్ల నెట్‌స్కేప్ అంటె పేరుమోసిన బ్రౌజర్ కంపెనీ. రామనాథన్ గుహ, డాన్ లిబ్బీ అనే ఇద్దరు ఇంజినీర్లు దీని మొదటి రూపం రాసిన్రు. గుహ మనదేశపోడే, ఐఐటీ మద్రాసుల చదివి అమెరికా పోయిండు. వేరే సైట్ల శీర్షికలను తెచ్చి నెట్‌స్కేప్ పేజీల సూపియ్యాలె అన్నది వాళ్ల ఆలోచన. తర్వాత కొద్ది రోజులకే కంపెనీ దాన్ని పట్టించుకునుడు ఇడిసిపెట్టింది.

అప్పుడు బయటి ప్రోగ్రామర్లు కొందరు దాన్ని చేతులకు తీసుకున్నరు. ఇగ కొట్లాట మొదలైంది. ఫీడు సాఫ్ సీదగ ఉండాలె, ఎవరైనా రాసుకునేటట్టు ఉండాలె అని డేవ్ వైనర్ దిక్కున్నోళ్లు. ముందు ముందు కొత్త అవసరాలు వస్తయి, వాటిని గూడ కలుపుకునేటట్టు పునాది గట్టిగ ఉండాలె అని ఇంకో దిక్కోళ్లు. ఈ రెండో గుంపు 2000 డిసెంబర్ల ఆర్‌ఎస్‌ఎస్ 1.0 తెచ్చింది. ఆ పత్రం రాసినోళ్ల పేర్లల్ల ఆరన్ స్వార్ట్జ్ పేరు గూడ ఉంటది. అప్పటికి ఆయనకు పద్నాలుగేండ్లు. మెయిళ్లల్లనే పని నడిచేది, ఒగల మొకం ఒగలు సూసుకోలే. పెద్ద పెద్ద ఇంజినీర్లతోని సరిసమానంగ వాదిస్తున్నది మీసాలు గూడ రాని పోరడని తోటోళ్లకు తర్వాత తెల్సింది.

2002ల వైనర్ ఆర్‌ఎస్‌ఎస్ 2.0 తెచ్చిండు. లోకంల ఎక్కువ పాకింది అదే. 2005ల ఆటమ్ అని ఇంకో పద్ధతి వచ్చింది. అంటె ఆరన్ దిక్కు పద్ధతి పోటీల గెలిచిందని చెప్పలేం. కని ఫీడు ఏ ఒక్క కంపెనీ సొత్తు కాకుండ నిలవడ్డదంటె, జీతం బత్తెం లేకుంట కూసొని రాసిన గిసొంటోళ్ల చలువనే. ఇయ్యాల మీరు ఇనే పాడ్‌కాస్టులు ఈ ఆర్‌ఎస్‌ఎస్ మీదనే నడుస్తయి. కొత్త ఎపిసోడు పడంగనే యాపుల కనవడ్తది సూడుండ్రి, దాని ఎనక ఉన్నది ఈ చిన్న ఫైలే.

పైసల తొవ్వ, పని తొవ్వ

ఫీడు పని అయినంక ఆరన్ ఖాళీగ కూసోలే. లారెన్స్ లెస్సిగ్ అనే లా ప్రొఫెసర్, ఇంకొందరు కలిసి క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు పద్ధతి తెస్తున్నరు. ఒక మనిషి తాను రాసింది, తీసిన ఫోటో, పాడిన పాట అందరు వాడుకోవచ్చని ముందే చెప్పి పెట్టొచ్చు. ఆ లైసెన్సును కంప్యూటర్లకు గూడ అర్థమయ్యేటట్టు రాసే పనిల పదిహేనేండ్ల ఆరన్ చెయ్యేసిండు. 2002 డిసెంబర్ల ఆ లైసెన్సులు వచ్చినయి. ఇయ్యాల మన తెలుగు వికీపీడియాల ఉన్న రాత అంత ఆ కుటుంబం లైసెన్సు కిందనే ఉంది. అందుకే దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, గని పేరు చెప్పాలె, మార్చి పంచితె అదే లైసెన్సు కింద పంచాలె.

2004ల జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ అనే రాత పద్ధతి తెచ్చినప్పుడు ఆరన్ తోడు నిలవడ్డడు. మామూలు అక్షరాల నడుమ చుక్క గుర్తులు, గీతలు పెట్టి శీర్షికలు, లావు అక్షరాలు చేసే పద్ధతి అది. ప్రోగ్రామర్లు రోజు వాడ్తరు. ఇయ్యాల ఏఐ చాట్‌బాట్లు ఇచ్చే జవాబులు గూడ ఎక్కువ దాంట్లనే వస్తయి.

అదే ఏడు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల చేరిండు. ఏడాదికే ఇడిసిండు. 2005ల వై కాంబినేటర్ అనే సంస్థ కొత్త కంపెనీలు పెట్టేటోళ్లకు మొదటిసారి సాయం చేసింది. ఆ మొదటి జట్టుల ఆరన్ ఉన్నడు. ఆయన పెట్టిన ఇన్ఫోగామి కంపెనీ, అదే జట్టుల స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్ పెట్టిన రెడ్డిట్ కంపెనీ కలిసిపోయినయి. ఆరన్ రాసిన వెబ్.పై అనే ప్రోగ్రాము మీద రెడ్డిట్‌ను మళ్ల కొత్తగ కట్టిన్రు. ఆ ప్రోగ్రామును తర్వాత తర్వాత నడిపిచ్చినోళ్లల్ల మన దేశపు ప్రోగ్రామరు గూడ ఉన్నడు.

2006 అక్టోబర్ల కాండే నాస్ట్ అనే పత్రికల కంపెనీ రెడ్డిట్‌ను కొన్నది. ఇరవై ఏండ్లు నిండకముందే ఆరన్ చేతికి మంచిగ పైసలొచ్చినయి. కని ఆఫీసు ఆయనకు పడలే. పనికి సక్కగ పోలే. 2007 మొదట్ల కొలువుల నుంచి తీసేసిన్రు. ఇంకొకడైతె ఆ పైసలతోని ఇంకో కంపెనీ పెట్టేటోడు. ఆరన్ మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్‌తోని కలిసి ఓపెన్ లైబ్రరీ పని పట్టిండు. అచ్చయిన ప్రతి పుస్తకానికి ఒక పేజీ ఉండాలె, అందరికి కనవడాలె అన్నది ఆ పని.

నడిమిట్ల ఇంకో ముచ్చట ఉంది. 2006ల వికీమీడియా బోర్డు ఎన్నికలల్ల నిలవడి ఓడిపోయిండు. అప్పుడే వికీపీడియాను నిజంగ రాస్తున్నది ఎవరని లెక్క తీసిండు. రోజు అండ్లనే ఉండే కొద్దిమందే అంత చేస్తున్నరని పెద్దోళ్లు అనుకుంటుండిరి. ఆరన్ లెక్కల ఇంకో తీరు తేలింది. సవరణలు ఎక్కువ చేసేది ఆ కొద్దిమందే. కని అసలు సరుకు తెచ్చి పోసేది ఎప్పుడో ఒక్కసారి వచ్చి తనకు తెల్సింది రాసి పోయే మామూలు జనం. మన ఊరి జాతర గురించి, మన చెరువు గురించి రాయనీకి పెద్ద పండితులే రావాలె అనుకునేటోళ్లు ఈ లెక్క యాదికుంచుకోవాలె.

కోర్టు కాగితాలకు పైసలెందుకు?

అమెరికాల ఫెడరల్ కోర్టు కాగితాలు పేసర్ అనే సర్కారీ సైటుల ఉంటయి. అప్పట్ల పేజీకి 8 సెంట్లు కట్టాలె. చట్టం జనానిది, కోర్టు నడిచేది జనం పన్నుల మీద, కాగితం సూడనీకి మళ్ల పైసలెందుకని కార్ల్ మలముడ్ అనే ఆయన చాన రోజుల నుంచి అడుగుతున్నడు. 17 లైబ్రరీలల్ల పేసర్‌ను ఉత్తగ సూసే ఏర్పాటు పరీక్షకని పెట్టిన్రు. 2008ల ఆరన్ ఒక ప్రోగ్రాము రాసి, ఆ లైబ్రరీ తొవ్వల కాగితాలు దించుడు మొదలువెట్టిండు. సర్కారు పసిగట్టి ఆపేసే యాల్లకు సుమారు 2 కోట్ల పేజీలు దించిండు. అవన్ని జనానికి అందుబాటుల పెట్టిన్రు.

ఎఫ్‌బీఐ ఎంక్వైరీ చేసింది. ఆఖరికి కేసు పెట్టలే. అవి జనం కాగితాలే, ఎవరి సొంతం కావు. ఇయ్యాల మన దేశంల సుప్రీంకోర్టు తీర్పులు ఫోన్ల పైసా కట్టకుంట సదవొచ్చు. అది ఎంత పెద్ద సంగతో ఈ ముచ్చట ఇంటె అర్థమైతది.

ఎంఐటీల ఏం జరిగింది?

పరిశోధన వ్యాసాల ముచ్చట ఇంకా పెద్దది. ఒక ప్రొఫెసరు సర్కారు పైసలతోని పరిశోధన చేస్తడు. వ్యాసం రాసి జర్నలుకు ఇస్తడు, దానికి జర్నలు ఆయనకు పైసలియ్యదు. ఆ వ్యాసం బాగుందా లేదా అని సూసే తోటి ప్రొఫెసర్లకు గూడ మామూలుగ ఏమియ్యదు. కని సదవాల్నంటె లైబ్రరీ లక్షలు కట్టాలె. పెద్ద యూనివర్సిటీల ఉన్నోడు సదువుతడు. మహబూబ్‌నగర్‌ల డిగ్రీ సదివే పిల్ల, కరీంనగర్‌ల ఉన్న డాక్టరు, పంటకు తెగులొస్తె ఎందుకొచ్చిందో తెల్సుకుందామనుకునే రైతు బిడ్డ, వీళ్లంత గేటు బయటనే. 2008ల ఆరన్ దీని మీద ఒక మేనిఫెస్టో రాసిండు. విజ్ఞానానికి తాళం ఏసుడు అన్యాయమని, తాళంచెవి ఉన్నోళ్లు లేనోళ్లకు పంచాల్నని అండ్ల గట్టిగ వాదించిండు.

2010ల ఆయన హార్వర్డ్ యూనివర్సిటీల ఫెలో. జేస్టోర్ అనే సంస్థ పాత జర్నళ్లను డిజిటల్ చేసి లైబ్రరీలకు ఇస్తది. ఆ యేడు సెప్టెంబర్ ఆఖరుకెల్లి ఆరన్ పక్కనే ఉన్న ఎంఐటీ నెట్‌వర్కుకు లాప్‌టాప్ కలిపి, ప్రోగ్రాముతోని జేస్టోర్ వ్యాసాలు దించుడు మొదలువెట్టిండు. జేస్టోర్ ఆపింది. ఆయన అడ్రసు మార్చిండు. మళ్ల ఆపింది, మళ్ల మార్చిండు. ఆఖరికి ఎంఐటీల వైర్లుండే చిన్న అర్రల లాప్‌టాప్ పెట్టి, నేరుగ వైరే కలిపిండు. 40 లక్షలకు పైన వ్యాసాలు దిగినయి. అర్రల కెమెరా పెట్టిన్రు. 2011 జనవరి 6న పోలీసులు పట్టుకున్నరు.

ఆయన చేసింది మొత్తం సరైందే అని కండ్లు మూసుకొని చెప్పేది లేదు. నియమాలు తప్పిండు, వద్దన్నా ఆగలే, జేస్టోర్ సర్వర్ల మీద భారం పడ్డది, కొన్ని రోజులు ఎంఐటీ మొత్తానికే జేస్టోర్ బందయింది. అక్కడ సదివే పిల్లలు ఇబ్బంది పడ్డరు. కని ఒక్క వ్యాసం అమ్ముకోలే, ఒక్క పైస సంపాదించలే. దించిన ఫైళ్లు జేస్టోర్‌కు వాపస్ ఇచ్చిండు. 2011 జూన్‌ల జేస్టోర్ ఆయనతోని రాజీ పడి, మాకు ఇంకేం కేసు అక్కర లేదన్నది. ఎంఐటీ మాత్రం అటు కాకుండ ఇటు కాకుండ ఊకున్నది. ఆరన్ తండ్రి అదే ఎంఐటీల ఒక ల్యాబుకు సలహాదారుగ పని చేస్తుండె. కొడుకు కోసం ఆయన అడిగినా ఆ పెద్ద విద్యాసంస్థ నోరిప్పలే.

ఒక దిక్కు కేసు, ఒక దిక్కు కొట్లాట

2011 జులైల ఫెడరల్ సర్కారు కేసు పెట్టింది. నేరం రుజువైతె 35 ఏండ్ల దాక జైలు, 10 లక్షల డాలర్ల దాక జుర్మానా పడొచ్చని సర్కారు వకీళ్లే ప్రకటించిన్రు. కేసుల వాడిన పెద్ద చట్టం కంప్యూటర్ మోసాల చట్టం. అది 1986 అక్టోబర్ల వచ్చింది, ఆరన్ పుట్టనీకి నెల ముందు. ఇండ్ల ఇంటర్నెట్టు లేని కాలంల రాసిన చట్టం. 2012 సెప్టెంబర్ల నేరాల లెక్క పదమూడుకు పెంచిన్రు. తప్పు ఒప్పుకుంటె ఆరు నెలల జైలుతోని సరిపెడ్తమని బేరం వచ్చింది. పదమూడు నేరాలు ఒప్పుకొని జీవితాంతం నేరస్తుడన్న ముద్ర ఏసుకునుడు ఆరన్‌కు మనసొప్పలే. సంపాదించుకున్న పైసలన్ని వకీళ్లకే పోయినయి.

ఈ కేసు నెత్తి మీద ఉండంగనే ఆయన ఇంకో పెద్ద కొట్లాట చేసిండు. 2010ల డిమాండ్ ప్రోగ్రెస్ అనే సంస్థ పెట్టిండు. దొంగ సినిమాలు, దొంగ పాటలు ఆపుతమనే పేరు మీద సైట్లకు సైట్లనే మూసే అధికారం సర్కారుకు, కంపెనీలకు ఇచ్చే బిల్లులు అప్పట్ల అమెరికా చట్టసభలకు వస్తున్నయి. 2011 అక్టోబర్ల వచ్చిన సోపా బిల్లు అండ్ల పెద్దది. మొదట్ల దాన్ని ఎవ్వరు ఆపలేరనుకున్నరు. రెండు పార్టీలోళ్లు మద్దతిచ్చిన్రు. ఆరన్ లాంటోళ్లు సంతకాలు పెట్టిచ్చిన్రు, నాయకులకు ఫోన్లు చేపిచ్చిన్రు, ఊరూర తిరిగి చెప్పిన్రు. 2012 జనవరి 18న ఇంగ్లీషు వికీపీడియా ఒక రోజు మొత్తం నల్లగ అయింది. గూగుల్ తన పేరు మీద నల్ల పట్టీ ఏసింది, 70 లక్షల మంది దాని అర్జీ మీద సంతకం పెట్టిన్రు. రెండు రోజులకే బిల్లు పక్కకు వెట్టిన్రు.

సంతకంతోని ఏమైతది, మనతోని ఏమైతది అనుకునేటోళ్లకు ఈ జనవరి ఒక జవాబు. గెలిపిచ్చింది ఆరన్ ఒక్కడే కాదు, పెద్ద కంపెనీలు సుత అండ్ల ఉన్నయి, వాటి లాభం వాటికి ఉంది. కని మామూలు జనాన్ని కదిలిచ్చే పని మొదట్నే పట్టుకున్నోళ్లల్ల ఆయన ఉన్నడు.

చివరి రోజులు

కేసు విచారణ 2013 ఏప్రిల్‌ల మొదలు కావాలె. ఆరన్‌కు కడుపు జబ్బు ఉండె. మనసు కుంగుబాటు గూడ అప్పుడప్పుడు వస్తుండె, దాని గురించి ఆయనే దాపెట్టకుంట రాసుకున్నడు. 2013 జనవరి 11న న్యూయార్కుల బ్రూక్లిన్‌ల తానుండే ఇంట్ల ప్రాణం తీసుకున్నడు. దానికి రెండు రోజుల ముందే, ఖాతా తెరిచినోళ్లకు కొన్ని వ్యాసాలు ఉత్తగ సదవనిస్తమని జేస్టోర్ ప్రకటించింది. ఆయన పోయిన మూడు రోజులకు సర్కారు కేసు ఎత్తేసింది.

ఒక మనిషి గట్ల పోవుడుకు ఇదే కారణం అని ఏలు పెట్టి సూపుడు ఎవరితోని కాదు. ఇంటోళ్లు సర్కారు వకీళ్లను, ఎంఐటీని తప్పు పట్టిన్రు. ఎంఐటీ తన మీద తానే ఎంక్వైరీ ఏసుకొని, అదే జులైల రిపోర్టు బయటపెట్టింది. కేసు పెట్టుమని మేం ఒత్తిడి తేలేదన్నది అండ్ల ఉంది. ఆపుమని గూడ అడగలేదన్నది సుత అండ్లనే ఉంది.

ఈ ముచ్చట సదివే తమ్మికి, చెల్లెకు ఒకటి చెప్పాలె. ఆరన్ గొప్పోడని చెప్పుకునేది ఆయన బతికి చేసిన పనులకు. పోయిన తీరుకు కాదు. ఆయన ఉంటె ఇయ్యాలటికి నలభై ఏండ్లు గూడ దాటకపోవు. ఇంకెన్ని తొవ్వలు ఏసేటోడో. పరీక్ష పోయిందని, కొలువు రాలేదని, అప్పయిందని, కేసయిందని మనసు కుంగితె ఒంటరిగ ఉండొద్దు. ఇంట్ల చెప్పుండ్రి, దోస్తుకు చెప్పుండ్రి. సర్కారు నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, పైసలు పడయి, తెలుగులనే మాట్లాడ్తరు.

ఆయన ఎనక ఏం మిగిలింది?

2013 ఫిబ్రవరిల అమెరికా సర్కారు, తన పెద్ద పరిశోధన శాఖల పైసలతోని అయిన పరిశోధన ఏడాది లోపట జనానికి ఉత్తగ దొరకాలె అన్న దిక్కుకు ఆదేశం ఇచ్చింది. అదే ఏడు ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌ల ఆరన్ పేరు ఎక్కింది. కంప్యూటర్ మోసాల చట్టం మార్చాల్నని ఆరన్ పేరు మీద బిల్లు పెట్టిన్రు, అది పాసు కాలే. వార్తలోళ్లకు ఎవరైనా పేరు బయటపడకుంట కాగితాలు పంపే ఒక పద్ధతిని ఆయన, కెవిన్ పౌల్‌సన్ కలిసి మొదలువెట్టిన్రు. ఇప్పుడు సెక్యూర్‌డ్రాప్ పేరుతోని పెద్ద పెద్ద పత్రికలు దాన్ని వాడుతున్నయి.

మన దేశంల 2024 నవంబర్ల కేంద్ర సర్కారు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి ఒప్పుకున్నది. మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 జర్నళ్లు సర్కారీ విద్యాసంస్థల పిల్లలకు దొరుకుతయి. మంచిదే. సర్కారీ డిగ్రీ కాలేజీల, యూనివర్సిటీల ఉన్నోళ్లు మీ లైబ్రరీల అడుగుండ్రి. కని ప్రైవేటు కాలేజీల పిల్లలు, చదువు అయిపోయి ఇంటికాడ ఉన్నోళ్లు, రైతులు, ఆర్‌ఎంపీలు ఇంకా గేటు బయటనే. పన్ను మాత్రం అందరం కడ్తున్నం. 6,000 కోట్లు పోయేది ఎక్కువ విదేశీ కంపెనీలకే. ఆరన్ అడిగిన ప్రశ్న ఇంకా ఒడువలే.

ఫీడు సంగతికొస్తె, 2005ల వచ్చిన గూగుల్ రీడర్‌తోని అది చాలమందికి చేరింది. ఆరన్ పోయిన ఆర్నెల్లకు, 2013 జులై 1న గూగుల్ దాన్ని మూసేసింది. ఫీడు సచ్చిపోయిందన్నరు. సావలే. ఒక కంపెనీ దుకాణం మూసినంత మాత్రాన ఆగేటట్టు దాన్ని కట్టలేదు గద. డప్పు పాతదైతె ఇంకోటి తెచ్చుకుంటరు, సాటింపు ఆగదు.

మరి మనమేం చెయ్యాలె?

ఫోన్ల ఫీడ్లీ గని, ఐనోరీడర్ గని, ఫీడర్ గని ఒక రీడర్ ఏసుకోండ్రి. కంప్యూటర్ ఉంటె థండర్‌బర్డ్‌ల గూడ అయితది. మీరు రోజు సూసే సైటు అడ్రసు అండ్ల పెట్టుండ్రి, ఫీడు ఉంటె అదే పట్టుకుంటది. వర్డ్‌ప్రెస్ మీద నడిచే సైట్లకు అడ్రసు ఆఖర్ల స్లాష్ పెట్టి ఫీడ్ అని ఇంగ్లీషుల కొడ్తె శాన వరకు దొరుకుతది. రిజర్వ్ బ్యాంకుకు, కేంద్రం ప్రకటనలు పెట్టే పీఐబీకి ఫీడ్లు ఉన్నయి. బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు కరెంట్ అఫైర్స్ సదివేటోళ్లకు ఇవి అసలు సరుకు. కోచింగ్ సెంటరోళ్లు అమ్మే పీడీఎఫ్‌లల్ల ఎక్కువ శాతం ఇక్కడికెల్లి పోయేదే. యూట్యూబ్ చానళ్లకు గూడ ఫీడు ఉంటది. చానల్ అడ్రసు పెడ్తె ఆ చానల్ కొత్త వీడియోలే వస్తయి, పక్కపొంటి వేరేటోళ్ల రీల్స్ రావు. మొదట్ల పది సైట్లకు మించి పెట్టుకోవద్దు. ఎక్కువైతె అవి గూడ సదవం.

అన్ని సైట్లకు ఫీడు ఉండదు. మీ జిల్లా సైటుకో, మీ యూనివర్సిటీ సైటుకో లేకపోతె అడగాలె. పెద్ద ఖర్చు లేదు, పెద్ద పని లేదు, ఒక చిన్న ఫైలు. కలెక్టరాఫీసుల ప్రజావాణికి పోయి అర్జీ పెట్టేటోళ్లం, ఇదొక అర్జీ పెట్టలేమా? మా ఊరోళ్లకు నోటిఫికేషన్ పడ్డ రోజే తెల్వాలె, సైటుల ఫీడు పెట్టుండ్రి అని ఒక కాగితం రాసియ్యుండ్రి. పది ఊర్లకెల్లి పది కాగితాలు పోతె సప్పుడైతది.

సమాచారం ఉన్నోనికి ఒక రోజు ముందు, లేనోనికి పదిహేను రోజులు ఎనక తెలుసుడు గూడ అన్యాయమే. అది కండ్లకు కనవడది, అందుకే ఎవ్వరు కొట్లాడరు. ఆరన్ స్వార్ట్జ్ దాన్ని పద్నాలుగేండ్లకే పసిగట్టి, తన చేతనైన పని పట్టుకున్నడు. మన చేతనైంది మొదటి ఫీడు పెట్టుకునుడు, తర్వాత పక్కింటి పోరనికి నేర్పుడు.